హిజ్రత్ అని దేనిని అనాలి?

మొన్న షాబాన్ నెలలో జుమా నమాజు ముగించుకుని మేము మస్జిదు మెట్లు దిగుతుండగా, మా జహీరాబాద్ మొహల్లాకు చెందిన ఒక పెద్దాయన చేయి పట్టుకుని ఆపారు. "మౌలానా సాబ్! మా చిన్నోడు మంగళవారం రియాద్‌కు హిజ్రత్ చేస్తున్నాడు. ఇంటికొచ్చి దుఆ చేసి పోవాలి" అన్నారు. పక్కనే చెప్పులు వేసుకుంటున్న ఆయన బావమరిది ఊరుకోలేదు. "వీసా కోసం రెండెకరాల చెరకు పొలం కుదువ పెట్టి పోతున్నాడు. అది హిజ్రత్ ఎట్లయితది దుల్హాభాయ్?" అన్నాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాము. సూట్‌కేసు కట్టి గోడవార పెట్టారు. పదో తరగతి చదివే పిల్ల, "మా సోషల్ పుస్తకంలో దీన్ని వలస అంటారు" అంది. ఇంతలో మంచం మీద కూర్చున్న దాదీ, ఎనభై దాటిన మనిషి, మా వైపు తిరిగి ఇలా అన్నారు: "మా పెద్దన్న కూడా హిజ్రతే చేశాడన్నారు బేటా. నాకప్పుడు ఆరేడేళ్లు. ఒక రాత్రి పోయాడు, కరాచీ చేరాడని తర్వాత తెలిసింది. పోయినవాడు ముహాజిర్ అయితే, ఇక్కడే ఉండిపోయిన మేము ఏమైనట్లు?"

ఆ రోజు దుఆ చేసి, చాయ్ తాగి వచ్చేశాము. దాదీ ప్రశ్నకు రెండు ముక్కలు ఏవో చెప్పాము గానీ అది జవాబు కాదని మాకే తెలుసు. ఒకే ఇంట్లో ఒకే మాటను ముగ్గురు మూడు విధాలుగా పట్టుకుని ఉన్నారు. ఈ నెల పాఠం ఆ మాట గురించే.

ముందు నిఘంటువు చూద్దాం. హిజ్రత్ అనే పదం 'హా, జీమ్, రా' అనే మూడు అక్షరాల మూలం నుంచి వచ్చింది. దాని అసలు అర్థం వదిలివేయటం, తెంచుకోవటం, ఎడంగా జరగటం. అరబీలో 'వస్ల్' అంటే కలయిక. దానికి ఎదురుమాట 'హజ్ర్'. ఉర్దూ గజళ్లు విన్నవారికి హిజ్ర్, విసాల్ అనే జంట పదాలు కొత్త కాదు. ప్రియుల ఎడబాటుకు వాడే ఆ హిజ్ర్ కూడా ఇదే. మిట్టమధ్యాహ్నపు ఎండను అరబ్బులు 'హాజిరా' అంటారు, ఆ వేళ జనం పనులు వదిలేసి ఇంటిపట్టున ఉంటారు గనుక. గమనించండి: ఈ మూలంలో ఎక్కడా ప్రయాణం లేదు. దేశం లేదు, సరిహద్దు లేదు, ఓడ లేదు. వదలటం మాత్రమే ఉంది.

దివ్య ఖుర్ఆన్ ఈ మాటను ఎక్కడెక్కడ వాడిందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. సూరహ్ ముజ్జమ్మిల్ పదో ఆయత్‌లో దైవప్రవక్త (స)కు, తిరస్కారులు అనే మాటలను సహించమనీ, వారి నుంచి హుందాగా ఎడంగా ఉండమనీ ఆదేశం వచ్చింది. అక్కడి మాట 'హజ్రన్ జమీలా'. అది మక్కా తొలి రోజుల ఆదేశం. అప్పటికి ఆయన (స) ఊరు దాటి అడుగు తీసి వేయలేదు. సూరహ్ ముద్దస్సిర్‌లో మాలిన్యాన్ని వదలమన్న ఆజ్ఞలోనూ ఇదే క్రియ ఉంది. సూరహ్ మర్యమ్‌లో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై)ను ఆయన తండ్రి తన కంటికి కనపడకుండా చాలాకాలం దూరంగా పొమ్మని గద్దించినప్పుడూ ఇదే మాట. సూరహ్ ఫుర్ఖాన్‌లో దైవప్రవక్త (స) చేసే ఫిర్యాదు మనందరికీ తెలిసిందే: తన జాతి ఈ ఖుర్ఆన్‌ను 'మహ్జూర్'గా, అంటే పక్కన పడేసిన వస్తువుగా చేసిందని. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానుకోవటం ధర్మసమ్మతం కాదన్న ప్రసిద్ధ హదీసులోనూ ఉన్నది ఇదే మూలం. ఇద్దరు అన్నదమ్ములు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ఏళ్ల తరబడి సలాము చేసుకోకపోతే, అరబీ భాష ప్రకారం వాళ్లు చేస్తున్నదీ ఒక హజ్రే.

ఇక్కడ లిపి గురించి ఒక మాట చెప్పాలి. అరబీలో 'హ' ధ్వని రెండు వేర్వేరు అక్షరాలకు ఉంది. తెలుగులో రెండింటికీ మనకు ఒకటే 'హ'. అందువల్ల పొరపాట్లు జరుగుతాయి. సూరహ్ అల్ హిజ్ర్‌కు హిజ్రత్‌తో సంబంధం లేదు, అది సమూద్ జాతి నివసించిన ప్రాంతం పేరు. హజ్రె అస్వద్‌లోని 'హజ్ర్' అంటే రాయి. గౌరవంగా పేరు ముందు పెట్టే 'హజ్రత్' మరో పదం. మేమొక పెండ్లి పత్రికలో 'హజ్రత్ సంవత్సరం 1440' అని అచ్చయి ఉండగా చూశాము. నవ్వుకున్నాముగానీ, పాపం అచ్చు వేసినవాడిది తప్పు కాదు, చూసి ఇచ్చినవారిది.

'ముహాజిర్' అనే మాట ఖుర్ఆన్‌లో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) కాలపు ప్రస్తావనలో కనిపిస్తుంది. సూరహ్ అన్కబూత్ 26వ ఆయత్‌లో, తాను తన ప్రభువు వైపునకు ముహాజిర్‌గా పోతున్నానన్న ప్రకటన ఉంది. అన్నది ఇబ్రాహీమా (అలై), లూతా (అలై) అన్న విషయంలో ముఫస్సిర్లు రెండు అభిప్రాయాలు చెప్పారు. అది అలా ఉంచితే, షామ్ వైపునకు అనలేదు, ప్రభువు వైపునకు అన్నారు. షరీఅత్ పరిభాషలో హిజ్రత్ అనే మాటకు ప్రాణం ఇక్కడ ఉంది. దేన్ని వదిలాడు, ఎవరి కోసం వదిలాడు అనే రెండు ప్రశ్నలకు జవాబు ఉంటేనే అది హిజ్రత్. ఎక్కడికి పోయాడన్నది ఆ తర్వాతి ప్రశ్న.

చరిత్రను కూడా ఈ దృష్టితోనే చదవాలి. ఇస్లాంలో మొదటి హిజ్రత్ మదీనాకు జరగలేదు, హబషాకు (నేటి ఇథియోపియా ప్రాంతం) జరిగింది. దౌత్యం లభించిన ఐదో సంవత్సరంలో, క్రీ.శ. 615లో, హజ్రత్ ఉస్మాన్ (రజి), దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి)తో సహా ఒక చిన్న బృందం ఎర్ర సముద్రం దాటింది. తర్వాత హజ్రత్ జాఫర్ (రజి)తో పాటు మరికొందరు వెళ్లారు. హబషా ముస్లిం దేశం కాదు. రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. అయినా అతని రాజ్యంలో ఎవరికీ అన్యాయం జరగదని దైవప్రవక్త (స) పంపించారు. కనుక హిజ్రత్ అంటే ముస్లిం పాలన ఉన్న చోటికే పోవాలన్న అపోహకు ఆదిలోనే జవాబు దొరికింది.

ఆ హబషా బృందం హిజ్రీ 7లో ఖైబర్ విజయం నాటికి మదీనా చేరింది. వారిలో జాఫర్ (రజి) గారి భార్య హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఉన్నారు. ఆమె హజ్రత్ హఫ్సా (రజి) ఇంట్లో ఉండగా హజ్రత్ ఉమర్ (రజి) వచ్చి, హిజ్రత్‌లో మేము మీకంటే ముందున్నాం, దైవప్రవక్త (స)పై మాకే ఎక్కువ హక్కు అన్నారు. అస్మా (రజి)కి కోపం వచ్చింది. మీరు ఆయన (స) దగ్గర ఉన్నారు, ఆకలైనవారికి ఆయన అన్నం పెట్టారు, తెలియనివారికి బోధించారు. మేము మాత్రం పరాయి గడ్డ మీద భయంతో, బాధతో గడిపాము అని నిలదీశారు. దైవప్రవక్త (స)కు ఈ సంగతి చెప్పేదాకా అన్నపానీయాలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. ఆయన (స) విని తీర్పు చెప్పారు: ఉమర్‌కూ ఆయన సహచరులకూ ఒక హిజ్రత్, ఓడ మీద వచ్చిన మీకు రెండు హిజ్రత్‌లు. ఆ మాట మళ్లీ మళ్లీ వినటానికి హబషా నుంచి వచ్చినవారు గుంపులు గుంపులుగా ఆమె దగ్గరకు వచ్చేవారట. దూరదేశంలో ఏళ్లు గడిపి, అక్కడి బాధ ఇంట్లోవాళ్లకు అర్థం కాదని దిగులుపడే వారికి ఈ హదీసు వినిపించాలి.

మదీనా హిజ్రత్‌లో మనం ఎక్కువగా గుహ గురించి, సాలెగూడు గురించి చెప్పుకుంటాం. అంతకంటే ముఖ్యమైన ఒక విషయాన్ని తొందరగా దాటేస్తాం. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా వదిలే రాత్రి, హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు. ఎందుకు? మక్కావాసులు ఆయన (స) దగ్గర దాచుకున్న సొమ్ములు ఎవరివి వారికి అప్పగించటానికి. ప్రాణం తీయటానికి కాచుకున్న ఊరివారి సొమ్ములవి. అలీ (రజి) మూడు రోజులు ఉండి, అమానతులన్నీ అప్పజెప్పి, తర్వాత ఖుబాలో వచ్చి కలిశారు. అంటే హిజ్రత్ మొదటి అడుగు లెక్కలు తేల్చుకోవటంతో మొదలైంది. హజ్రత్ సుహైబ్ రూమీ (రజి) దగ్గర ఉన్నదంతా ఖురైషులు అడ్డుపడి లాక్కున్నారు. ఆయన ఇచ్చేసి వట్టి చేతులతో మదీనా చేరారు. ఒకరి సొమ్ము తీసుకుని పోయిన ముహాజిర్ మనకు కనిపించడు.

మరి పోనివారి మాటేమిటి? దాదీ అడిగింది ఇదే గదా.

సూరహ్ నిసా 97 నుంచి 100 వరకు ఉన్న ఆయత్‌లలో, శక్తి ఉండీ అవిశ్వాసం బలవంతపెట్టే చోట కదలకుండా కూర్చున్నవారికి కఠినమైన హెచ్చరిక ఉంది. ఆ వెంటనే దారీ తెన్నూ లేని బలహీనులైన పురుషులకు, స్త్రీలకు, పిల్లలకు మినహాయింపు ఉంది. ఇల్లు వదిలి బయలుదేరి దారిలోనే మరణించినవాని ప్రతిఫలం అల్లాహ్ బాధ్యత అన్న శుభవార్త కూడా అక్కడే ఉంది. ఈ ఆదేశం మక్కాలో నమాజు చేయనివ్వని, ఈమాన్‌ను వదలమని హింసించే పరిస్థితికి సంబంధించినది. హిజ్రీ 8లో మక్కా విజయం జరిగాక, ఇక మక్కా నుంచి హిజ్రత్ లేదనీ, మిగిలింది దైవమార్గంలో కృషీ, సంకల్పమూ అనీ దైవప్రవక్త (స) ప్రకటించారు.

బుఖారీ షరీఫ్‌లో ఒక పల్లెటూరి అరబ్బు వృత్తాంతం ఉంది. అతడు వచ్చి హిజ్రత్ చేస్తానన్నాడు. దైవప్రవక్త (స) అది కష్టమైన సంగతి అని, నీకు ఒంటెలున్నాయా, వాటి జకాత్ ఇస్తున్నావా, పాలు పిండే రోజున పేదలకు ఇస్తున్నావా అని అడిగారు. అన్నిటికీ అవునన్నాడు. అయితే సముద్రాల ఆవల ఉన్నా సరే నీ పని నువ్వు చేసుకో, నీ కర్మలలో దేన్నీ అల్లాహ్ తగ్గించడు అన్న భావం వచ్చేలా జవాబిచ్చి పంపారు. రమ్మనలేదు.

ఉండిపోయినవారిలో పెద్దలు ఉన్నారు. నజాషీ ఇస్లాం స్వీకరించాడు, మదీనాకు రాలేదు, తన దేశంలోనే రాజుగా చనిపోయాడు. ఆ వార్త వచ్చిన రోజున దైవప్రవక్త (స) సహాబాలను వరుసలు తీర్చి అతనికి జనాజా నమాజు చేయించారు. హజ్రత్ నుఐమ్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) మక్కాలో బనూ అదీ తెగ వితంతువులను, అనాథలను పోషించేవారు. ఆయన బయలుదేరబోతే తెగవారు అడ్డుపడి, నీకు ఇష్టమైన ధర్మం మీద ఉండు, మమ్మల్ని మాత్రం వదిలిపోవద్దని బతిమాలారు. ఆయన ఆగారు. హుదైబియా సంవత్సరంలో వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఆయనను కౌగిలించుకున్నారు. షాఫయీ పండితుడు మావర్దీ అభిప్రాయం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. హాఫిజ్ ఇబ్నె హజర్ తన ఫత్‌హుల్ బారీలో దాన్ని ఉదహరించారు. ముస్లిమేతరుల దేశంలో ఒక ముస్లిం తన ధర్మాన్ని బహిరంగంగా ఆచరించుకోగలిగితే, అక్కడ ఉండటమే వదిలి పోవటం కంటే మేలని ఆయన చెప్పారు.

ఈ సంగతి మరచి మాటను తప్పుగా వాడినప్పుడు ఏమవుతుందో మన దేశ చరిత్ర చూపించింది. 1920లో ఖిలాఫత్ ఉద్యమం వేడిలో, ఆంగ్లేయుల పాలనలో ఉన్న ఈ దేశాన్ని వదిలి అఫ్గానిస్తాన్‌కు హిజ్రత్ చేయాలన్న పిలుపు వచ్చింది. సింధ్, పంజాబ్, సరిహద్దు రాష్ట్రాల నుంచి వేలమంది పొలాలూ పశువులూ వచ్చిన కాడికి అమ్ముకుని ఖైబర్ కనుమ వైపు నడిచారు. అమీర్ అమానుల్లాహ్ మొదట ఆహ్వానించాడు, అంతమందిని భరించలేక ఆగస్టులో ఇక రావద్దన్నాడు. దారిలో చాలామంది చనిపోయారు, తిరిగొచ్చినవారికి ఇల్లు లేదు, పొలం లేదు. ఆ రోజుల్లో హిజ్రత్‌ను సమర్థిస్తూ ఫత్వా ఇచ్చినవారిలో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ఒకరు. అదే మౌలానా, 1947 అక్టోబరులో ఢిల్లీ జామా మస్జిదులో నిలబడి, మూటలు కట్టుకుంటున్న ముస్లింలను ఉద్దేశించి, హిజ్రత్ అనే పవిత్రమైన పేరు పెట్టుకుని మీరు చేస్తున్నది పారిపోవటమేనని, ఒక్కసారి ఆలోచించమని అన్నారు. ఇరవై ఏడేళ్ల ఎడంలో ఒకే ఆలిమ్ నోట ఒకే పదం. రెండో మాట వెనుక మొదటి మాట నేర్పిన పాఠం ఉందని మా అభిప్రాయం.

1951లో పాకిస్తాన్ జనాభా లెక్కల్లో 'ముహాజిర్' అనేది ఒక గడి అయిపోయింది. విభజన వల్ల గానీ, అల్లర్ల భయంతో గానీ వచ్చినవారని దాని నిర్వచనం. ఈమాన్ ప్రస్తావన అందులో లేదు. క్రమంగా అది ఒక జాతి పేరయింది. కరాచీలో పుట్టి, అక్కడే పెరిగి, ఏ ఊరూ వదలని పిల్లలు కూడా ముహాజిర్లే. ఆ పేరుతో 1984లో రాజకీయ పార్టీ పుట్టింది. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని నేటికీ ఒక బస్తీ ఉంది, మన దక్కనీ పచ్చళ్లకు పేరు. దాదీ అన్నగారు అలాంటి చోటే ఎక్కడో ఉండి ఉంటారు.

ఆయన ఎందుకు పోయాడన్నది ఈ ప్రాంతం పాతవారికి చెప్పనక్కరలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. అంతకు ముందు రజాకార్లు పల్లెల్లో చేసిన దౌర్జన్యాలు చరిత్రే, వాటిని దాచటం మన ధర్మం కాదు. చర్య తర్వాత జరిగిన ఊచకోత కూడా చరిత్రే. ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ప్రాణభయంతో కొందరు హైదరాబాద్ నగరానికి చేరారు, కొందరు సరిహద్దు దాటారు, ఎక్కువమంది ఉన్నచోటే ఉన్నారు. తర్వాత 1956 నవంబరులో రాష్ట్రాలను విడదీసినప్పుడు జహీరాబాద్‌ను బీదర్ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మెదక్ జిల్లా అయింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. దాదీ ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు, మూడు రాష్ట్రాలు చూసింది.

పోయినవారి భూములకు 1950 చట్టం కింద ప్రభుత్వం కస్టోడియన్‌ను పెట్టింది. ఉర్దూలో వాటిని 'మత్రూకా' అన్నారు, అంటే వదిలేసినవి. తెలుగు కాగితాల్లో 'కాందిశీకుల భూములు'. ఆ చట్టం 2005లో రద్దయినా మాట మిగిలింది. కాందిశీకుడు మంచి మాట, అర్థం తెలిస్తే. సంస్కృతంలో 'కాం దిశం', అంటే ఏ దిక్కుకు పోవాలి అన్న ప్రశ్న నుంచి పుట్టిందది. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు రంగూన్ వదిలి కాలినడకన, ఓడల్లో తిరిగివచ్చిన తెలుగువారిని కాందిశీకులన్నారు. దిక్కు తోచక పరుగెత్తినవాడికి ఆ పేరు సరిగ్గా సరిపోతుంది. ముహాజిర్ అలా కాదు, అతనికి దిక్కు తెలుసు. పోతే మనవారు కొందరు హిజ్రత్‌ను 'ప్రస్థానం' అని అనువదిస్తున్నారు. అందులో ముందుకు సాగటం ఉందిగానీ వదలటం లేదు. 'వలస'లో బతుకుతెరువు వాసన ఎక్కువ. నారాయణఖేడ్ తండాల నుంచి చెరకు కొట్టటానికి పోయేవారిని చూసిన మనకు ఆ మాట వేరే అర్థం ఇవ్వదు. అందుకే మేము హిజ్రత్‌ను హిజ్రత్ అనే రాస్తాము.

భయంతో పోయినవాణ్ణి ఏమనాలి? ఖుర్ఆన్ దీనికీ ఉదాహరణ ఇచ్చింది. హజ్రత్ మూసా (అలై) ఈజిప్టు నుంచి ప్రాణభయంతో, వెనుకా ముందూ చూసుకుంటూ బయటపడ్డారని సూరహ్ ఖసస్ చెబుతుంది. అక్కడ హిజ్రత్ అనే పదం వాడలేదు, భయం అనే పదమే వాడింది. ప్రవక్తల విషయంలోనే భయాన్ని భయమని చెప్పటం ఖుర్ఆన్‌కు చిన్నతనం కాలేదు. కనుక దాదీకి మేము ఇప్పుడు ఇచ్చే జవాబు ఇది: మీ అన్నగారి మనసులో ఈమాన్ కోసం వదలాలన్న సంకల్పం ఉంటే అల్లాహ్ దగ్గర ఆయన ముహాజిరే. ప్రాణం కాపాడుకోవటానికి పోయి ఉంటే అది పాపమేమీ కాదు. ఆ లెక్క మనది కాదు. మీరు ఉండిపోయి అజాన్ ఆగనివ్వలేదు, పిల్లలకు కలిమా నేర్పారు, అత్తమామల సమాధుల దగ్గర ఫాతిహా చదివారు. మీరు దేన్నీ వదలలేదు గనుక మీకు 'వదిలినవారు' అనే పేరు లేదు, అంతే. దానివల్ల మీ దర్జా తగ్గదు.

ఇక రియాద్ కుర్రవాడి సంగతి. మూసా (అలై) మద్యన్ చేరాక ఏం చేశారో అదే సూరహ్‌లో ఉంది. ఎనిమిదేళ్లు, ఇష్టమైతే పదేళ్లు పని చేసే ఒప్పందం కుదుర్చుకుని పరాయి ఊళ్లో మేకలు కాచారు. గడువు తీరాక భార్యను వెంటబెట్టుకుని బయలుదేరారు. కఫీలు, ఇఖామా, కాంట్రాక్టు మాటలు విన్న మన కుర్రాళ్లకు ఈ కథ దగ్గరగానే ఉంటుంది. బతుకుతెరువు కోసం పోవటానికి ఖుర్ఆన్ వేరే మాట పెట్టింది. సూరహ్ ముజ్జమ్మిల్ చివరి ఆయత్‌లో, అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కుంటూ భూమి మీద ప్రయాణం చేసేవారిని, అల్లాహ్ మార్గంలో పోరాడేవారిని పక్కపక్కనే పేర్కొని, రాత్రి నమాజు భారం తేలిక చేసింది. పదో ఆయత్‌లో 'హజ్రన్ జమీలా' వచ్చిన సూరహ్ కూడా ఇదే. ఒకే సూరహ్‌లో రెండు మాటలు ఉన్నాయి, దేని స్థానం దానిది. హలాల్ సంపాదన కోసం పోయేవానికి ఇంత గౌరవం ఉండగా, హిజ్రత్ పేరు అప్పు తెచ్చుకోవలసిన అవసరం ఏముంది?

సంకల్పాల హదీసు, బుఖారీ షరీఫ్‌లో మొట్టమొదటిది, ఈ విషయంలోనే వచ్చింది. ప్రాపంచిక లాభం కోసం గానీ, ఒక స్త్రీని పెండ్లాడటం కోసం గానీ పోయినవాడి ప్రయాణం దాని కోసమే అవుతుందని అందులో ఉంది. ఉమ్మె ఖైస్ అనే స్త్రీ కోసం మదీనా వచ్చిన ఒక వ్యక్తిని జనం 'ఉమ్మె ఖైస్ ముహాజిర్' అనేవారన్న కథను వక్తలు దీనికి జోడిస్తారు. కథ ఉన్నమాట నిజమే గానీ, ఈ హదీసు ఆ సందర్భంలోనే చెప్పారనటానికి ఆధారం లేదని ఇబ్నె హజర్ తేల్చారు. బయాన్లలో చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త పడితే మంచిది.

పేరు విషయంలో మేము ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. హిజ్రత్ అన్న మాట అనగానే ఇంట్లో ఎవరూ ఇక ప్రశ్నలు అడగరు. వీసా ఎన్ని లక్షలైంది, వడ్డీకి తెచ్చారా, పొలం విడిపించేది ఎవరు, అన్నదమ్ముల వాటా అందులో ఉందా అని అడగటం అమర్యాద అవుతుంది. అమరవీరుడికి సైతం అప్పు తప్ప అన్నీ క్షమించబడతాయన్న హదీసు ముస్లిం షరీఫ్‌లో ఉంది. బావమరిది మస్జిదు మెట్ల మీద అడిగిన ప్రశ్న మొరటుగా ఉన్నా న్యాయమైనదే. అలీ (రజి)ని వెనుక ఉంచిన సున్నత్‌ను తలచుకుని, పోయే ముందు ఎవరికెంత ఇవ్వాలో కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో ఇంట్లో ఉంచి పోవాలి.

భార్య సంగతి ఇంకా పెద్దది. అరబీలో విడిచిపెట్టబడినదాన్ని మహ్జూర్ అంటారని పైన చెప్పుకున్నాం. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) భర్త మదీనా వెళ్తుండగా పుట్టింటివారు ఆమెను, అత్తింటివారు పిల్లవాణ్ణి లాక్కున్నారు. ఆమె దాదాపు ఏడాది పాటు రోజూ ఆ చోటికి వచ్చి ఏడుస్తూ కూర్చునేవారు. ఆ ఎడబాటు శత్రువులు చేసినది. మన ఇళ్లలో రెండేళ్లకొకసారి వచ్చే ఎడబాటు మనం చేసుకున్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గస్తీలో భర్త దూరమైన స్త్రీ వేదన విని, తన కుమార్తె హఫ్సా (రజి)ని అడిగి, సైనికులు ఇంటికి దూరంగా ఉండే గడువును నిర్ణయించారు. కొన్ని ఉల్లేఖనాల్లో నాలుగు నెలలు, కొన్నింటిలో ఆరు నెలలు అని ఉంది. భార్య సంతోషంగా ఒప్పుకుంటే ఎక్కువ కాలమూ ఉండవచ్చునని ఫుఖహా చెప్పారు. ఒప్పుకోవటమంటే అత్తగారి ముందు తల ఊపించటం కాదు. 2017 జూలై నుంచి సౌదీలో కుటుంబ సభ్యుల తలకు ఇంత అని నెలవారీ రుసుము పెట్టాక, కుటుంబాలను తిరిగి పంపేసి ఒంటరిగా మిగిలినవారు ఎందరో ఉన్నారు. వారిని నిందించటం లేదు. ఆమెను అడిగి తీసుకోవలసిన నిర్ణయాన్ని హిజ్రత్ అన్న మాటతో ముగించవద్దని అంటున్నాము.

ఆ అబ్బాయి బయలుదేరే ముందు మమ్మల్ని ఒకటే అడిగాడు, నమాజు గురించి. ఇక్కడ అందరికీ పనికొస్తుంది గనుక రాస్తున్నాము. మన హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లు, ఆపైన దూరం పోయే ఉద్దేశంతో ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జ్ రెండే చేయాలి. బీదర్ పోయి వచ్చేవాడికి ఇది వర్తించదు, హైదరాబాద్ విమానాశ్రయం దాకా పోయేవాడికి వర్తిస్తుంది. రియాద్‌లో పదిహేను రోజులో అంతకంటే ఎక్కువో ఉండాలని అనుకున్నాడు గనుక అక్కడ దిగాక ముఖీమ్, పూర్తి నమాజు చేయాలి. అది అతని వతనె ఇఖామత్, తాత్కాలిక నివాసం. సెలవు మీద వారం రోజులకే వచ్చినా సరే, జహీరాబాద్‌లో అడుగు పెట్టగానే పూర్తి నమాజే. ఎందుకంటే ఇది అతని వతనె అస్లీ, పోయి ఎన్నేళ్లయినా అతను దీన్ని వదలలేదు.

హిజ్రత్ చేసినవారి విషయం వేరుగా ఉండేది. మక్కా దైవప్రవక్త (స) పుట్టిన ఊరు. విజయం తర్వాత అక్కడ ఉన్న రోజుల్లోనూ, హజ్జతుల్ విదా సందర్భంలోనూ ఆయన (స) ఆ ఊళ్లో ముసాఫిర్‌లా రెండు రకాతులే చేశారు. హజ్ పూర్తయ్యాక ముహాజిర్లకు మక్కాలో మూడు రోజులు మాత్రమే ఉండే అనుమతి ఇచ్చారు. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో జబ్బుపడినప్పుడు, తాను వదిలిన గడ్డ మీదే చనిపోతానేమోనని భయపడ్డారు.